బట్టలు దాచిన చరిత్ర

మన భాషలో మూత్రవిసర్జనకు మర్యాదగా వాడే మాట లఘుశంక. శంక అంటే అనుమానం, బెదురు. లఘువు అంటే చిన్నది. అవసరం కలిగినప్పుడు తగిన చోటు దొరికేదాకా ఆపుకోగలిగిన వారికి అది నిజంగానే చిన్న శంక. ఆపుకోలేని వారికి గడప దాటిన ప్రతిసారీ అదే పెద్ద శంక. తుమ్ము వస్తే ఏమవుతుంది, బస్సు కుదిపితే ఏమవుతుంది, పేరంటంలో చాప మీద కూర్చుని లేస్తే చీర వెనక ఏం కనబడుతుంది? ఇలా రోజంతా లెక్కలు వేసుకుంటూ గడిపేవారు మన చుట్టూ ఎందరో ఉన్నారు. ఈ వ్యాసం రాస్తున్న నేనూ వారిలో ఒకతెను. రెండవ కాన్పు నాటి నుంచీ ఈ శంక నాకు తోడుగా ఉంది. అయితే నేను చెప్పదలచుకున్నది నా కథ కాదు, ఈ బాధకున్న చరిత్ర.

దీనికో చరిత్ర కూడానా అని మిత్రులు నవ్వవచ్చు. నిజమే, వైద్యచరిత్ర గ్రంథాలలో దీనికి దక్కిన చోటు బహు స్వల్పం. మశూచికి, కలరాకు, క్షయకు ఉన్నంత చరిత్ర దీనికి లేదు. ఇది ప్రాణం తీసే రోగం కాకపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉందని నాకనిపిస్తుంది. ఈ బాధ పడినవారు వైద్యుడి దగ్గరకు పోలేదు. బట్ట దగ్గరకు పోయారు. మడత పెట్టారు, ఉతికారు, ఆరవేశారు, మళ్ళీ మడత పెట్టారు. గ్రంథాలకెక్కవలసిన చరిత్ర చాకిరేవులో కొట్టుకుపోయింది. మిగిలిన ఆనవాళ్ళను ఏరి ఒకచోట పెట్టడమే ఈ టపా ఉద్దేశం.

ముందుగా అసలు సంగతి క్లుప్తంగా. మూత్రాశయం ఒక కండరపు సంచి. దాని మెడ దగ్గర, మూత్రమార్గం చుట్టూ, మూతి బిగించి ఉంచే కండరాలున్నాయి. వీటికి అడుగున, కటి ఎముకల నడుమ ఉయ్యాలగుడ్డలా పరచుకున్న మరో కండరాల పొర ఉంది. కాన్పులో ఆ పొర సాగినా, చిరిగినా, వయసుతో సడలినా, దగ్గినప్పుడూ నవ్వినప్పుడూ బరువెత్తినప్పుడూ చుక్కలు జారుతాయి. ఇది ఒక రకం. సంచి తనంతట తానే అకాలంలో ముడుచుకుని, గది చేరేలోపే తడిపివేయడం రెండో రకం. ఈ రెండూ కలిసి ఉండటం కూడా సాధారణమే. సంచి ఖాళీ కాక నిండి పొర్లడం మరొకటి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పురుషులలో ఇది చూస్తాం. ఆ గ్రంథిని తొలగించిన శస్త్రచికిత్స తరువాత కొందరికి మూతి బిగువు తగ్గి కారుతుంది. పక్షవాతం, వెన్నుపూస దెబ్బ, చిరకాలపు మధుమేహం కూడా కారణాలే. కాబట్టి ఇది ముసలితనపు జబ్బు అనడం గానీ, ఆడవాళ్ళ జబ్బు అనడం గానీ సరికాదు.

*

ఈ చరిత్రలో మనకు తెలిసిన తొలి వ్యక్తి ఒక రాజకాంత. పేరు హెన్‌హెనిత్. క్రీస్తుకు పూర్వం సుమారు 2050 ప్రాంతంలో, ఈజిప్టును పాలించిన రెండవ మెంటుహోటెప్ అంతఃపురానికి చెందినది. హాథోర్ దేవతకు అర్చకురాలు. దెయిర్ ఎల్ బహ్రీలో ఆమె సమాధి దొరికింది. ఆమె రాతి శవపేటిక ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆమె భౌతికకాయాన్ని పరీక్షించినవాడు డగ్లస్ డెర్రీ. 1925లో టుటన్‌ఖామన్ మమ్మీని పరీక్షించిన ఆచార్యుడు ఈయనే. 1935లో ఆయన ప్రకటించిన సంగతి ఇది: హెన్‌హెనిత్ మూత్రాశయానికీ, జననమార్గానికీ నడుమ పెద్ద చిల్లు ఉంది. కష్టమైన కాన్పులో బిడ్డ తల అడ్డుపడి, గంటల తరబడి నొక్కుకుపోయిన కండ చచ్చి ఊడిపోతే ఏర్పడే చిల్లు అది. ఆ చిల్లు పడ్డాక మూత్రం చుక్కలుగా కాదు, నిరంతరంగా కారుతుంది. అంతఃపురంలో ఉన్నా, దేవతార్చన చేసినా, ఎన్ని దాసీలున్నా, ఆమె తన మిగిలిన రోజులు తడిబట్టతోనే గడిపి ఉండాలి. నాలుగు వేల ఏళ్ళపాటు ఎవరికీ తెలియని రహస్యాన్ని ఒక శవపరీక్ష బయటపెట్టింది.

క్రీ.పూ. 1550 ప్రాంతపు ఎబర్స్ పపైరస్‌లో మూత్రం అదుపు తప్పినవారికి మందులు చెప్పారు. మన దగ్గర చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం ‘వేగాల’తోనే మొదలవుతుంది. శరీరంలో సహజంగా పుట్టే పదమూడు వేగాలను బలవంతాన ఆపుకోరాదని అందులో ఉపదేశం. మూత్రవేగానిది ఆ జాబితాలో మొదటి స్థానం. ఎంతో తెలివైన ఉపదేశం. కానీ దాన్ని చదివినప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. ఆపుకోవద్దని చెప్పడం ఆపుకోగలిగినవాడికి చెప్పే మాట. వీధి చివర చెట్టు చాటు చూసుకోగల పురుషుడికి అది సులువు. చీకటి పడేదాకా బయటికి పోవడానికి వీలులేని కోడలికి ఆపుకోవడమే దినచర్య. మన పల్లెల్లో చాలాకాలం పాటు ఆడవాళ్ళకు తెల్లవారుజామూ, మునిమాపూ తప్ప మూడో వేళ లేదు. మధ్యలో జారితే చీరకుచ్చిళ్ళే దిక్కు.

ఐరోపాలో ఈ చరిత్రను దుస్తుల వెంట నడిచి చూడవచ్చు. 18వ శతాబ్దంలో అక్కడి స్త్రీలు నారబట్టతో చేసిన పొడుగాటి లోచొక్కా, దాని మీద రెండు మూడు పొరల లంగాలు తొడిగేవారు. కాళ్ళ నడుమ బిగించే లోదుస్తు ఉండేది కాదు. లంగాల కిందకు జొప్పించుకోవడానికి వీలుగా పడవ ఆకారపు పింగాణీ పాత్ర ఒకటి ఆనాటి సంపన్నుల ఇళ్ళలో ఉండేది. దాని పేరు బూర్దలూ. బూర్దలూ అనే ఫ్రెంచి మతగురువు ప్రసంగాలు మరీ దీర్ఘంగా ఉండటంవల్ల ఆయన పేరే దానికి పెట్టారని ఒక పుక్కిటి కథ. 19వ శతాబ్దంలో వచ్చిన లోదుస్తులు కూడా నడుము దగ్గర మాత్రమే కలిసి, మధ్యలో తెరిచి ఉన్న రెండు కాళ్ళ తొడుగులే. 20వ శతాబ్దం వచ్చేసరికి అవి మూసుకున్నాయి, లంగాలు ఇరుకై పొట్టివయ్యాయి. వెడల్పు లంగాల పొరల్లో ఇంకిపోయే తడి ఇరుకు లంగా మీద మరకై కనబడుతుంది. అంటే, దాపరికానికి చోటు తగ్గేకొద్దీ బాధ పెరుగుతూ వచ్చిందన్నమాట. మన చీర పోయి చుడీదారూ, దాని వెనక లెగ్గింగూ వచ్చినప్పుడు మనకు జరిగింది కూడా ఇదే.

*

ఇక వైద్యుల వైపు నుంచి. 1845లో అమెరికాలోని అలబామా రాష్ట్రం, మాంట్‌గొమరీ పట్టణంలో జేమ్స్ మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు ఈ చిల్లుకు శస్త్రచికిత్స కనిపెట్టడానికి పూనుకున్నాడు. అతడు కోసినది ఎవరిని? బానిస స్త్రీలను. వారిలో మూడు పేర్లు మనకు తెలుసు: అనార్కా, బెట్సీ, లూసీ. మిగిలినవారికి పేర్లు కూడా మిగలలేదు. నాలుగేళ్ళపాటు, మత్తుమందు లేకుండా, మళ్ళీ మళ్ళీ కోసి కుట్టాడు. ఒక్క అనార్కా మీదే సుమారు ముప్ఫైసార్లు. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథర్‌తో మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేసి లోకానికి చూపించారు. ఆ తరువాత కూడా మాంట్‌గొమరీలో ఆ స్త్రీలకు మత్తు ఇవ్వలేదు. మొదట కోసిన లూసీ పడిన యాతన ఎంత తీవ్రమో సిమ్స్ తన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. 1849లో వెండితీగతో వేసిన కుట్లు నిలిచాయి. అనార్కా చిల్లు మూసుకుంది. 1852లో ఆ పద్ధతిని ప్రకటించిన సిమ్స్ జగద్విఖ్యాతుడయ్యాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో ఆయనకు విగ్రహం నిలిచింది. 2018 ఏప్రిల్‌లో దాన్ని తొలగించారు. 2021లో మాంట్‌గొమరీలో ఆ ముగ్గురు స్త్రీల విగ్రహాలను మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి నిలబెట్టింది.

ఆ స్త్రీలు అంతటి యాతనకు ఎందుకు లోబడ్డారని కొందరు అడుగుతారు. యజమాని సొత్తైన మనిషికి ఒప్పుకునే హక్కు గానీ, కాదనే హక్కు గానీ ఎక్కడిది? ఆ మాట ముందు చెప్పాకే మరో మాట చెప్పాలి. నిరంతరం కారుతూ, ఒరుసుకుని పుండ్లు పడుతూ, వాసనకు అందరూ దూరం జరుగుతుంటే బతకడం ఎలాంటిదో ఆ స్త్రీలకు తెలుసు. ఈ రెండు సంగతుల్లో ఏ ఒక్కటి వదిలినా ఆ చరిత్ర సగమే అవుతుంది.

అదే బాధకు మరో రకం చరిత్ర ఇథియోపియాలో ఉంది. 1959లో కాథరిన్, రెజినాల్డ్ హామ్లిన్ అనే వైద్యదంపతులు అడిస్ అబాబాకు వెళ్ళారు. ఈ చిల్లు పడ్డ స్త్రీలను చూసి అక్కడే ఉండిపోయారు. 1974లో వారి కోసమే ఒక ఆసుపత్రి కట్టారు. కాథరిన్ 2020 మార్చిలో, 96వ ఏట మరణించేదాకా అక్కడే ఉన్నది. ఆ ఆసుపత్రిలో ఒక ఆనవాయితీ ఉంది. నయమై ఇంటికి వెళ్ళే ప్రతి స్త్రీకీ ఒక కొత్త గౌను ఇచ్చి పంపుతారు. వైద్యం పూర్తయిందనడానికి ఆ పొడిబట్ట కంటే మంచి గుర్తు ఇంకేముంటుంది?

*

చిల్లు పడ్డవారి సంగతి అది. చుక్కలు జారేవారు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వారి చరిత్రను మలుపు తిప్పినది కత్తి కాదు, కర్రగుజ్జు. మొదటి ప్రపంచయుద్ధంలో దూది కొరత వచ్చి, అమెరికాలోని కింబర్లీ-క్లార్క్ సంస్థ కర్రగుజ్జుతో గాయాల కట్లు తయారుచేసింది. యుద్ధరంగంలోని నర్సులు వాటిని నెలసరికి వాడుకున్నారు. 1920లో అవే ‘కోటెక్స్’ పేరుతో అంగళ్ళకు వచ్చాయి. ఆ తరువాత అరవై ఏళ్ళపాటు మూత్రం జారే స్త్రీలకు కూడా నెలసరి ప్యాడే గతి. నెలసరి ఆగిపోయిన పెద్దావిడ దుకాణంలో ఆ పొట్లం అడగడం ఎంత ఇబ్బందో చెప్పనక్కరలేదు. పైగా అది ఈ పనికి సరిపోదు. నెలసరి స్రావం చిక్కగా, నెమ్మదిగా వస్తుంది. మూత్రం పలచగా, ఒక్కసారిగా వస్తుంది.

1970ల మొదట్లో అమెరికా వ్యవసాయశాఖ శాస్త్రజ్ఞులు పిండిపదార్థంతో ఒక పొడి తయారుచేశారు. పొలంలో నీరు నిలవడానికి ఉద్దేశించినది. తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చి జిగురుగా మారుతుంది. ఆ జాతి పదార్థాలే కొద్ది ఏళ్ళలో జపానులో ప్యాడ్లలోకి, తరువాత డైపర్లలోకి చేరాయి. అరచేతి మందపు మడత చేసే పనిని ఒక పలుచని పొర చేయసాగింది. 1984లో అదే కింబర్లీ-క్లార్క్ సంస్థ పెద్దవారి కోసం ‘డిపెండ్’ అనే లోదుస్తును తెచ్చింది. జూన్ ఆలిసన్ అనే ఒకనాటి సినీనటి టీవీ ప్రకటనల్లో కనబడి దాని గురించి మాట్లాడింది. ప్రసిద్ధురాలైన ఒక స్త్రీ తెర మీద ఆ సంగతి పలకడమే ఆనాడు పెద్ద విశేషం. జపానులో 2024లో ఓజి అనే కాగితపు సంస్థ స్వదేశంలో పసిపిల్లల డైపర్ల తయారీ మానేసి, పెద్దలవాటి మీదే దృష్టి పెడతామని ప్రకటించింది. ముసలివారు పెరిగిన దేశం మరి.

ఈ వరసలో నాకు ఇష్టమైన ఘట్టం ఒకటి చెబుతాను. 1961 మే 5న అలన్ షెపర్డ్ అంతరిక్షానికి వెళ్ళిన మొదటి అమెరికన్ అయ్యాడు. ప్రయాణం పదిహేను నిమిషాలే కాబట్టి మూత్రానికి ఏ ఏర్పాటూ చేయలేదు. కానీ బయలుదేరడం ఆలస్యమై, నాలుగు గంటలకు పైగా రాకెట్టు మీదే పడుకోవలసివచ్చింది. చివరికి అనుమతి అడిగి, వెండిరంగు సూట్‌లోనే కానిచ్చాడు. నేడు అంతరిక్షనడకకు పోయే వ్యోమగాములు ఆడామగా తేడా లేకుండా సూట్ కింద పీల్చే లోదుస్తు వేసుకుంటారు. అక్కడ దాన్ని పరికరం అంటారు. అదే వస్తువు చీర కింద ఉంటే సిగ్గు అంటాం. వస్తువులో తేడా లేదు. వేసుకున్న మనిషిని మనం చూసే చూపులోనే ఉంది తేడా.

*

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మా అమ్మమ్మ పాత నేతచీరలు పారేయనిచ్చేది కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరను జానెడు వెడల్పున చింపి, మడతలు పెట్టి, ఒక ట్రంకుపెట్టెలో దాచుకునేది. మనవళ్ళ పొత్తిగుడ్డలకని మేమనుకునేవాళ్ళం. ఇంట్లో పసిబిడ్డలు లేని రోజుల్లో కూడా ఆ పెట్టె నిండుగానే ఉండేది. పెళ్ళిళ్ళకు ఆవిడ ముదురు రంగు చీరే కట్టేది, చివరి వరసలో తలుపు దగ్గర కూర్చునేది, ప్రయాణం రోజున మంచినీళ్ళు ముట్టేది కాదు. అదంతా ఆవిడ మడి, చాదస్తం అనుకునేవారు అందరూ. నాకీ బాధ వచ్చాక ఆ మూడు అలవాట్లకూ అర్థం తెలిసింది. తాతయ్యలకు ఆ మాత్రం చాటు కూడా లేదు. తెల్లపంచె మీద మరక దాగదు. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నట్టుండి రచ్చబండకు రావడం మానేస్తే, కోడలితో పడటం లేదని చెప్పుకున్నారు.

అమ్మమ్మ పద్ధతుల్లో బట్టకు సంబంధించినవి రెండూ ఈనాటికీ పనికివస్తాయి. మెత్తని నూలు లోదుస్తు, ముదురురంగు చిన్నపూల అద్దకం, వెంట మరో జత, తడిసినది వేసుకోవడానికి ఒక గట్టి సంచి. వీటికి తోడు ఇప్పుడు మూత్రానికే తగినట్టు చేసిన ప్యాడ్లు, ఉతికి వాడుకునే పీల్చే లోదుస్తులు, పురుషులకు దొప్ప ఆకారపు ప్యాడ్లు దొరుకుతున్నాయి. తడి తగిలినచోట మంచినీళ్ళతో కడిగి, ఒత్తి ఆరనిచ్చి, పలుచగా వ్యాజలైన్ రాస్తే చర్మం ఒరుసుకోదు. మూడో అలవాటు, అంటే నీళ్ళు మానేయడం, మాత్రం అనుసరించకూడనిది. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారితీస్తుంది.

బట్టతో ఆగిపోకుండా ముందుకు పోవడానికి మార్గం 1948లోనే తెరుచుకుంది. ఆ ఏడు ఆర్నాల్డ్ కీగెల్ అనే అమెరికన్ వైద్యుడు, కాన్పు తరువాత సడలిన కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామంతో తిరిగి బలపరచవచ్చని ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ ప్రాంతాన్ని బిగించడం మన హఠయోగానికి మూలబంధం రూపంలో ఎప్పుడో తెలుసు. కాకపోతే అక్కడి లక్ష్యం వేరు. కీగెల్ చెప్పినదానికి నేడు గట్టి రుజువులున్నాయి. 2018లో వెలువడిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, దగ్గినప్పుడు జారే రకం బాధ ఉన్న స్త్రీలలో ఈ వ్యాయామం చేసినవారు నూటికి 56 మంది నయమైందని చెప్పారు. ఏ చికిత్సా లేనివారిలో ఆరుగురే. కత్తి లేదు, మందు లేదు, ఖర్చు లేదు. నేర్పేవారు కావాలి, కొన్ని నెలల ఓపిక కావాలి. కాన్పు తరువాత పథ్యాల గురించి, నడికట్టు గురించి నాకు వందమంది చెప్పారు. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

*

ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంఘటన, నా దృష్టిలో, ఒక నిర్వచనం మారడం. ఈ బాధ మీద పరిశోధించే వైద్యులు 1971లో ఒక అంతర్జాతీయ సంఘంగా ఏర్పడ్డారు. 1988లో వారు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, మూత్రం అసంకల్పితంగా జారడమే చాలదు. అది పరీక్షలో వైద్యుడికి కనబడాలి; సామాజికంగానో, శుభ్రత పరంగానో సమస్య కావాలి. అంటే మనిషి మాటకు సాక్ష్యం కావాలి. 2002లో దాన్ని మార్చారు. అసంకల్పితంగా మూత్రం జారుతోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే చాలు, అదే ఆ స్థితి అన్నారు. హెన్‌హెనిత్ మాట వినడానికి నాలుగు వేల ఏళ్ళు పట్టింది, అదీ శవపరీక్షలో. అనార్కా ఏమన్నదో ఒక్క ముక్క మిగలలేదు. 2002లో మొదటిసారిగా, అనుభవిస్తున్న మనిషి మాటే ప్రమాణమైంది.

మన ప్రభుత్వాల పుస్తకంలో ఈ మాట ఇంకా నెమ్మదిగా నడిచింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు నెలసరి ప్యాడ్లకూ, పెద్దల డైపర్లకూ ఒకే పద్దు కింద 12 శాతం పన్ను వేశారు. స్త్రీలు గొంతెత్తి అడిగారు. 2018 జూలైలో నెలసరి ప్యాడ్ల మీద పన్ను పూర్తిగా తీసేశారు. పక్కనే ఉన్న డైపర్లకు 12 శాతం అలాగే ఉండిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి దిగింది. నెలసరి గురించి మాట్లాడటానికి ఒక తరం సిగ్గు విడిచింది కాబట్టి అక్కడ సున్నా. దీని గురించి ఇంకా ఎవరూ వీధికెక్కలేదు కాబట్టి ఇక్కడ ఐదు. మౌనానికి ఉన్న ధర అది.

దాచుకోవడాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ మడతల వల్లే ఎందరో స్త్రీలు పెళ్ళిళ్ళకు వెళ్ళారు, పొలం పనికి పోయారు, బడిలో పాఠాలు చెప్పారు. మంచి బట్ట మనిషిని గడప దాటిస్తుంది. కానీ బట్ట ఇతరుల కంటి నుంచి దాచడానికే ఉండాలి, వైద్యుడి చెవి నుంచి దాచడానికి కాదు. మంట, రక్తం, జ్వరం, ఉన్నట్టుండి మొదలైన తడి, కాళ్ళలో తిమ్మిరి వంటివి తోడైతే మరీ ఆలస్యం చేయరాదు.

ఎలా చెప్పాలో తెలియకపోవడమే చాలామందికి అడ్డంకి. లఘుశంక అంటే మరీ గ్రాంథికం, పల్లెమాట అంటే నోరు రాదు, ఇంగ్లీషు మాట అందరికీ తెలియదు. ‘‘నాకు మూత్రం జారుతోందండీ’’ అంటే చాలు. మూడే మాటలు. వైద్యశాస్త్రం 2002 నుంచీ ఆ మూడు మాటలను పూర్తి సాక్ష్యంగా అంగీకరిస్తోంది. మన అమ్మలకూ, అత్తలకూ, నాన్నలకూ ఆ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా.